రాకెట్ ఎగిరాక మొదలయ్యే పాఠం

2022 ఆగస్టు 7 ఉదయం శ్రీహరికోట నుంచి ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ మొదటిసారి పైకి లేచింది. అందులో ఆజాదీశాట్ అనే ఎనిమిది కిలోల ఉపగ్రహం ఉంది. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది ఆడపిల్లలు, చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ మార్గదర్శకత్వంలో, ఒక్కొక్కటి 50 గ్రాముల చొప్పున 75 పరికరాలను దానికోసం సిద్ధం చేశారు. రాకెట్ ఘన ఇంధన దశలన్నీ బాగానే మండాయి. కానీ రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన కుదుపుకి వేగంలో మార్పును కొలిచే సెన్సార్లు తడబడ్డాయి. రాకెట్‌లోని కంప్యూటర్ వాటిని పాడైపోయినట్టు లెక్కగట్టింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహాలు, ఒక పక్క 356, మరో పక్క 76 కిలోమీటర్లు ఉండే కక్ష్యలో పడ్డాయి. 76 కిలోమీటర్ల ఎత్తులో ఇంకా గాలి ఉంటుంది, అంత కిందికి దిగిన ఉపగ్రహం నిలవదు. ఆ పిల్లల పని అలా పోయింది. 2023 ఫిబ్రవరి 10న రెండో ఎస్ఎస్ఎల్‌వీ మీద ఆజాదీశాట్-2 వెళ్లి 450 కిలోమీటర్ల కక్ష్యకు చేరింది.

ఈ రెండు తేదీల మధ్య ఉన్న ఆరు నెలల్లోనే అంతరిక్ష ఉద్యోగం అంటే ఏమిటో ఉంది. ఏ సెన్సార్ ఏ క్షణాన ఏమి చెప్పింది, కంప్యూటర్ దాన్ని ఎందుకు నమ్మలేదు, ఏ నియమం మారిస్తే మళ్లీ ఇలా జరగదు అని తేల్చే పని అది. పిల్లలకు చేతులతో చేసే పనుల ద్వారా అంతరిక్షాన్ని పరిచయం చేసే కార్యక్రమాలు ఇవాళ చాలా బళ్లలో జరుగుతున్నాయి. వాటర్ రాకెట్లు, కోడిగుడ్డు ల్యాండర్లు, డబ్బా ఉపగ్రహాలు, టెలిస్కోప్ రాత్రులు, వేసవి శిబిరాలు. వీటిని నేను ఒకే ప్రశ్నతో చూస్తాను. పిల్లలకు మనం చూపిస్తున్నది ఎగిరే ఆ ఘడియనా, లేక దానికి ముందూ వెనకా ఉండే పనినా?

ముందుగా, చిన్నప్పటి ఇష్టం వృత్తి దాకా వస్తుందా అన్నది చూడాలి. 1988లో ఎనిమిదో తరగతిలో ఉన్న అమెరికా పిల్లలను 2000 దాకా వెంబడించిన ఒక పెద్ద సర్వే ఉంది. దాని ఆధారంగా రాబర్ట్ తాయ్, ఆయన సహచరులు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. 30 ఏళ్లు వచ్చేసరికి సైన్సుకి సంబంధించిన పనిలో ఉంటామని ఎనిమిదో తరగతిలోనే అనుకున్నవాళ్లు, భౌతిక శాస్త్రాల్లోగానీ ఇంజినీరింగ్‌లోగానీ డిగ్రీ తీసుకునే అవకాశం మిగతావాళ్లకన్నా 3.4 రెట్లు ఎక్కువని తేలింది. మన ఇళ్లలో గట్టిగా చదివి వినిపించాల్సిన మాట ఇంకొకటి అందులో ఉంది. లెక్కల్లో మామూలు మార్కులే వచ్చినా అలాంటి ఊహ ఉన్న పిల్లల్లో నూటికి 34 మందికి ఆ డిగ్రీ అవకాశం ఉంటే, లెక్కల్లో ముందుండి ఆ ఊహ లేని పిల్లల్లో అది నూటికి 19 మందికే ఉంది. పదో తరగతి మార్కుల్ని బట్టి పిల్లల దారి నిర్ణయించే మనకు ఇది చిన్న సంగతి కాదు.

ఇంగ్లండ్‌లో లూయీస్ ఆర్చర్ బృందం 2009లో మొదలుపెట్టిన ఆస్పైర్స్ అధ్యయనం మరో కోణం చూపించింది. 10 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ఎక్కువమందికి సైన్సు పాఠం ఇష్టమే. శాస్త్రవేత్త అవుతామనేవాళ్లు మాత్రం నూటికి 15 మంది దాకానే. ఇష్టానికి కొరత లేదు, పరిచయానికి ఉంది. ఇంట్లోనో వీధిలోనో సైన్సుతో బతికే మనిషి కనబడని పిల్లలకు అది తమలాంటివాళ్ల పని అనిపించదు. శాస్త్రవేత్త బొమ్మ గీయమని పిల్లల్ని అడిగే పరీక్షనూ ఇక్కడ తలుచుకోవాలి. డేవిడ్ ఛాంబర్స్ 1983లో ప్రచురించిన ఫలితాల్లో 4,807 బొమ్మలకు ఆడ శాస్త్రవేత్తలు 28 మందే. ఆ 28 బొమ్మలూ గీసింది ఆడపిల్లలే. ఆ తర్వాతి దశాబ్దాల అమెరికా అధ్యయనాలన్నీ కలిపి 2018లో చూస్తే సగటు నూటికి 28 దాకా పెరిగింది. అంటే బొమ్మ మారుతుంది, కాకపోతే కళ్లముందు మనుషులు మారితేనే మారుతుంది.

ఈ కార్యక్రమాల చరిత్ర 1957 అక్టోబరు 4న ఎగిరిన తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌తో మొదలైందనుకోవచ్చు. అది చూసి అమెరికాలో వేలమంది కుర్రాళ్లు పెరట్లో రాకెట్లు చేయబోయి చేతులు కాల్చుకున్నారు. ఫ్యాక్టరీలో తయారైన చిన్న మోటార్లతో, నియమాలతో నడిచే మోడల్ రాకెట్ క్లబ్బులు ఆ రోజుల్లోనే పుట్టాయి. వెస్ట్ వర్జీనియాలోని కోల్‌వుడ్ అనే బొగ్గుగని ఊళ్లో హోమర్ హికమ్ అనే కుర్రాడు, అతని స్నేహితులు రాకెట్లు చేసి 1960లో జాతీయ సైన్సు ప్రదర్శనలో బహుమతి గెలిచారు. హికమ్ తర్వాత నాసాలో ఇంజినీరయ్యాడు. ఈ కథ చెప్పేవాళ్లు కుర్రాళ్ల పట్టుదల గురించే చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది, వాళ్ల రాకెట్ నాజిళ్లను లేత్ మీద తీసిపెట్టిన గని వర్క్‌షాపు కార్మికులు. వాళ్లు లేకపోతే ఆ రాకెట్ లేదు.

1982లో అలబామాలోని హంట్స్‌విల్‌లో స్పేస్ క్యాంప్ మొదలైంది. అక్కడికి వెళ్లిన పిల్లల్లో డాటీ మెట్‌కాఫ్-లిండెన్‌బర్గర్ పెద్దయ్యాక హైస్కూలు టీచరై, ఆ తర్వాత వ్యోమగామిగా 2010లో డిస్కవరీ షటిల్‌లో వెళ్లింది. క్రిస్టినా కోక్, ఇటలీకి చెందిన సమంతా క్రిస్టోఫొరెట్టీ కూడా ఆ క్యాంపులో గడిపినవాళ్లే. అయితే అలాంటి క్యాంపుకి ఫీజు కట్టగల ఇళ్ల పిల్లలే ఎక్కువ వెళ్తారన్నది మరిచిపోకూడదు. నాకు చాలెంజర్ సెంటర్ల పద్ధతి ఇంకా నచ్చుతుంది. 1986 జనవరి 28న చాలెంజర్ షటిల్ పేలిపోయి ఏడుగురు చనిపోయాక, వాళ్ల కుటుంబాలే కలిసి పెట్టిన సంస్థ అది. మొదటి కేంద్రం 1988లో హూస్టన్‌లో తెరిచారు. అక్కడ తరగతి పిల్లలు రెండుగా విడిపోయి, సగం మంది వ్యోమనౌకలో, సగం మంది నేల మీద కంట్రోల్ గదిలో కూర్చుంటారు. ఒకరు ప్రాణవాయువు చూస్తారు, ఒకరు దిశ లెక్కకడతారు, ఒకరు కబురు మోస్తారు. కాసేపటికి స్థానాలు మారతారు. అంతరిక్షంలో ఎగిరేది ఒకరిద్దరైతే నేల మీద ఎందరు నిలబడాలో పిల్లలకు ఒంటికి తెలిసేలా చెప్పే ఏర్పాటు ఇది.

ఇదే వరసలో టమాట విత్తనాల కథ ఉంది. 1984 ఏప్రిల్‌లో నాసా ఒక పెద్ద పరిశోధన ఉపగ్రహంలో 1 కోటి 25 లక్షల టమాట విత్తనాలు పెట్టి పంపింది. ఏడాదికి తిరిగి రావాల్సిన ఆ ఉపగ్రహం, చాలెంజర్ ప్రమాదం తర్వాత షటిళ్లు ఆగిపోవడంతో దాదాపు ఆరేళ్లు పైనే ఉండిపోయి 1990 జనవరిలో దిగింది. ఆ విత్తనాలను బడులకు పంచారు. పిల్లలు ఆకాశం నుంచి వచ్చినవి ఒక వరస, భూమ్మీదే ఉన్నవి ఒక వరస నాటి, రోజూ కొలిచి రాసుకున్నారు. పెద్ద తేడా ఏమీ కనబడలేదు. తేడా లేదన్నదీ ఫలితమేనని, దాన్ని కూడా అంతే జాగ్రత్తగా రాయాలని లక్షలమంది పిల్లలు నేర్చుకున్నారు. రాకెట్ లేకుండా కుండీలతో నడిచిన ఈ ప్రయోగం కన్నా మంచిది నాకు కనబడలేదు.

ఇక మన బడుల్లోకి వస్తే, అన్నిటికన్నా చవకైనదీ, మనం అన్నిటికన్నా ఎక్కువగా పాడుచేస్తున్నదీ వాటర్ రాకెట్. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, రబ్బరు బిరడా, సైకిల్ పంపు, అట్టముక్క రెక్కలు ఉంటే చాలు. సాధారణంగా జరిగేది ఏమిటంటే, మాస్టారు నీళ్లు పోస్తారు, పంపు కొడతారు, రాకెట్ లేస్తుంది, పిల్లలు కేక వేస్తారు, ఫొటో తీస్తారు, గంట కొడతారు. పిల్లల కేక విలువైనదే. దాని తర్వాత ఏమీ లేకపోవడమే బాధ.

అదే రాకెట్‌తో నాలుగు వారాల పని ఉంది. బాటిల్లో నీళ్లు ఎంత పోయాలి? 200, 400, 600, 800, 1000 మిల్లీలీటర్లు పోసి, ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడి సమానంగా ఉంచి, ఒక్కో కొలతకు మూడేసి సార్లు ఎగరేయాలి. నీళ్లు మరీ తక్కువైతే నెట్టడానికి బరువు చాలదు, ఎక్కువైతే గాలికి చోటు తగ్గుతుంది, మోయాల్సిన బరువూ పెరుగుతుంది. మధ్యలో ఎక్కడో మేలైన కొలత ఉంటుంది. అది సుమారు మూడో వంతు దగ్గరని టీచరుకు తెలిసినా ముందే చెప్పకూడదు. ఎత్తు కొలవడానికి కోణమానిని, దానికి అతికించిన స్ట్రా, దారానికి కట్టిన చిన్న బరువు చాలు. రాకెట్‌కి 30 మీటర్ల దూరంలో నిలబడ్డ పాపకు అది 45 డిగ్రీల కోణంలో కనబడితే ఎత్తు 30 మీటర్లు, 35 డిగ్రీలైతే 21. దానికి పాప కంటి ఎత్తు కలపాలి. పదో తరగతి త్రికోణమితి పుస్తకంలోంచి లేచి మైదానంలోకి వచ్చేది ఇక్కడే. రాకెట్ పల్టీలు కొడుతుంటే, అది నిలకడగా ఉండే చోట దారం కట్టి తల చుట్టూ తిప్పి చూడాలి. ముక్కు ముందుకు రాకపోతే ముక్కులో బరువు పెంచాలి, లేదా రెక్కలు పెద్దవి చేయాలి. అసలైన రాకెట్‌కీ వర్తించే సూత్రమే ఇది.

పాత్రలూ పంచాలి. ప్రయోగానికి ఒప్పుకునే అధికారం ఒకరిది, భద్రత చూసేది ఒకరు, కొలిచేవాళ్లు ఇద్దరు, రాసేవాళ్లు ఒకరు. భద్రత చూసే పిల్ల ఆగమంటే హెడ్మాస్టరు కూడా ఆగాలి. పగుళ్లున్న బాటిల్ వాడకూడదు, కళ్లద్దాలు లేకుండా దగ్గరికి వెళ్లకూడదు, మందుగుండు జోలికి అసలే పోకూడదు. శ్రీహరికోటలో రేంజ్ సేఫ్టీ అనే పని ఉంది, దానికోసమే ఇంజినీర్లు ఉన్నారు అని ఆ పిల్లకు అప్పుడు చెబితే ఆ మాట ఆమెకు బాగా అర్థమవుతుంది.

కోడిగుడ్డు ల్యాండర్ కూడా ఇలాంటిదే. స్ట్రాలు, దూది, కాగితంతో గూడు కట్టి డాబా మీంచి గుడ్డును పగలకుండా దించడం. గుడ్డు పగలకపోతే చప్పట్లు, పగిలితే నవ్వులు, అంతటితో అయిపోతుంది. దీని పక్కనే చంద్రయాన్ పెట్టి చూపించాలి. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలింది. తర్వాత చంద్రయాన్-3 కోసం ఏమేం తప్పు జరగొచ్చో ముందే జాబితా వేసుకుని, ఒక్కోదాన్నీ తట్టుకునేలా కట్టారు. కాళ్లను సెకనుకు 3 మీటర్ల వేగంతో తగిలినా నిలిచేలా బలపరిచారు. దిగే చోటును 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.5 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. ఇంధనం పెంచారు. క్రేన్‌తో వేలాడదీసి, హెలికాప్టర్‌తో మోసి పరీక్షించారు. చంద్రయాన్-2 పరీక్షల కోసం చంద్రుడి మట్టిని పోలిన మట్టిని తమిళనాడులోని నామక్కల్ ప్రాంతపు అనార్థొసైట్ రాయి పొడి చేసి తయారుచేసుకున్నారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడం వీటన్నిటి మొత్తం. కాబట్టి గుడ్డు పగిలిన జట్టే అసలు అదృష్టవంతులు. ఎక్కడ ముందు విరిగింది, ఎంత వేగంతో తగిలింది, ఒక్క మార్పు మాత్రమే చేయమంటే ఏది చేస్తారు అని వాళ్లను అడగాలి. వచ్చే వారం మళ్లీ దించనివ్వాలి.

డబ్బా ఉపగ్రహం ఇంకో మెట్టు పైన ఉంటుంది. కూల్‌డ్రింక్ టిన్ను సైజులో సెన్సార్, రేడియో, బ్యాటరీ, పారాషూట్ ఇమిడ్చి, పైనుంచి వదిలి, దిగేటప్పుడు గాలి పీడనం, ఉష్ణోగ్రత కబుర్లు అందుకోవడం ఇందులో పని. 1998లో బాబ్ ట్విగ్స్ అనే ప్రొఫెసర్ ఈ ఆలోచన చెప్పాడు. యూరప్‌లో హైస్కూలు పిల్లలకు దీని పోటీలు ఏటా జరుగుతున్నాయి. ప్రైవేటు అంతరిక్ష రంగాన్ని చూసే కేంద్ర సంస్థ ఇన్-స్పేస్ ఆధ్వర్యంలో మన దేశంలోనూ కాలేజీ విద్యార్థులకు పోటీ ఉంది. విడిభాగాలన్నీ పెట్టెలో సిద్ధంగా వచ్చి, బొమ్మ చూసి తీగలు గుచ్చితే చాలనే కిట్లు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. పిల్లవాడు తన సొంత ప్రశ్న ఒకటైనా అందులో పెట్టకపోతే అది బొమ్మ అమర్చడమే. 2010 జూలై 12న పీఎస్ఎల్‌వీలో వెళ్లిన స్టడ్‌శాట్‌ను బెంగళూరు, హైదరాబాద్ ప్రాంతాల ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు కలిసి చేశారు. కిలోకన్నా తక్కువ బరువున్న ఆ ఉపగ్రహానికి సంవత్సరాలు పట్టింది. పని అంటే అదీ.

రేడియో గురించి మన బడుల్లో ఎవరూ మాట్లాడరు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన తల మీదుగా దాటే పది నిమిషాల్లో హామ్ రేడియో ద్వారా వ్యోమగాములతో పిల్లలు మాట్లాడే కార్యక్రమం 2000 నుంచి నడుస్తోంది. 2025 జూలైలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడి నుంచి మన విద్యార్థులతో అలాగే మాట్లాడారు. పది నిమిషాల కోసం నెలల తయారీ ఉంటుంది. యాంటెన్నా ఎటు తిప్పాలి, కేంద్రం ఏ క్షణాన క్షితిజం మీదికి వస్తుంది, ప్రశ్న ఎంత క్లుప్తంగా అడగాలి అన్నవన్నీ చూసుకోవాలి. హైదరాబాద్‌లో జాతీయ హామ్ రేడియో సంస్థ 1983 నుంచి ఉంది. 12 ఏళ్లు నిండినవాళ్లు పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోవచ్చు. ఉపగ్రహం మాట వినడం నేర్చిన పిల్లలకు గ్రౌండ్ స్టేషన్ ఉద్యోగం కొత్త కాదు.  

ఇప్పుడు ఉద్యోగాల మాట. అంతరిక్షం అనగానే పిల్లలకు వ్యోమగామి ఒక్కడే కనిపిస్తాడు. మన దేశం నుంచి ఇప్పటిదాకా భూమి చుట్టూ కక్ష్యలోకి వెళ్లినవాళ్లు ఇద్దరే, 1984లో రాకేశ్ శర్మ, 2025లో శుక్లా. ఆ ఒక్క కొలువే చూపి ఆశపెడితే కోట్లమంది పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. ఇస్రోలో టెక్నీషియన్ కొలువులకు పదో తరగతి తర్వాత ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడుల్లో ఐటీఐ చదివినవాళ్లను తీసుకుంటారు. డిప్లొమా చదివినవాళ్లకు టెక్నికల్ అసిస్టెంట్ కొలువులున్నాయి. బీటెక్ చదివినవాళ్లు పరీక్ష రాసి ఇంజినీర్లుగా చేరతారు. తిరువనంతపురంలో 2007 నుంచి కేంద్ర అంతరిక్ష శాఖ వాళ్ల విద్యాసంస్థ ఐఐఎస్‌టీ ఉంది. చంద్రయాన్-3 ప్రాజెక్టు డైరెక్టర్ వీరముత్తువేల్ ఒక రైల్వే టెక్నీషియన్ కొడుకు, విళుపురంలో పాలిటెక్నిక్ డిప్లొమాతో మొదలుపెట్టినవాడు.

తెలుగు నేల మీదే ఈ పనులన్నీ కనబడతాయి. శ్రీహరికోటలో ఘన ఇంధనాన్ని పోతపోసే ప్లాంటు ఉంది, వాతావరణం చూసి ప్రయోగానికి సలహా ఇచ్చేవాళ్లున్నారు. హైదరాబాద్ బాలానగర్‌లో జాతీయ దూరసంవేదన కేంద్రం, షాద్‌నగర్‌లో ఉపగ్రహాల చిత్రాలు అందుకునే యాంటెన్నాలు ఉన్నాయి. వరద నీరు ఎంత మేర పరుచుకుందో చెప్పే పటాలు అక్కడి నుంచి వస్తాయి. ఇస్రో రాకెట్లలో వాడే వికాస్ ఇంజిన్ భాగాలు తయారుచేసే ఎంటార్ హైదరాబాద్‌దే. 2022 నవంబరు 18న దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను ఎగరేసిన స్కైరూట్, అదే నెల 26న రెండు చిన్న ఉపగ్రహాలు పంపిన ధ్రువ స్పేస్ కూడా అక్కడివే. ఉపగ్రహం మీద బంగారు రంగులో మెరిసే ఉష్ణకవచాన్ని కొలిచి, కత్తిరించి, అమర్చే పనిలో చేతి నేర్పుదే పెద్ద పాత్ర. కుట్టుపని తెలిసిన అమ్మ ఉన్న పిల్లకు, వెల్డింగ్ షాపు నాన్న ఉన్న పిల్లాడికి ఈ సంగతి చెప్పి చూడండి. అంతరిక్షం ఒక్కసారిగా వాళ్ల ఇంటికి దగ్గరవుతుంది.

ఎవరికి అందుతోందన్నది మరో సంగతి. ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువికా తొమ్మిదో తరగతి స్థాయి పిల్లలకు రెండు వారాల మంచి శిక్షణ. ఎంపికలో పల్లె బడి పిల్లలకు అదనపు మార్కులు ఇవ్వడం న్యాయమైన పని. కానీ దేశం మొత్తం మీద దానికి ఎంపికయ్యేది కొన్ని వందల మందే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటా పదో తరగతి పరీక్ష రాసేవాళ్లే 10 లక్షలు దాటుతారు. 2016 నుంచి బళ్లలోకి వచ్చిన అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో 10 వేల దాకా ఉన్నాయి, ఒక్కోదానికి 20 లక్షల సాయం. సామాను ఉంది. దాన్ని పాడవుతుందన్న భయం లేకుండా పిల్లల చేతికిచ్చే టీచరుకు వారంలో రెండు పీరియడ్ల తీరిక కావాలి, విరిగినదానికి సంజాయిషీ అడగని పై అధికారి కావాలి. తాళం వేసి జాగ్రత్తగా దాచిన ల్యాబు కన్నా రెండు బాటిళ్లు, ఒక పంపు ఉన్న బడి నయం. మరో మాట, జట్టులో ఆడపిల్లను రాసే పనికే కూర్చోబెట్టే అలవాటు మన బళ్లలో ఇంకా ఉంది. పంపు, స్క్రూడ్రైవర్, ఆపే అధికారం వంతులవారీగా అందరి చేతుల్లోకీ రావాలి. ఛాంబర్స్ బొమ్మల్లో ఆ 28ని పెంచే దారి ఇదే.

క్యాలెండరు మనకు ఒక సౌకర్యం ఇచ్చింది. ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం. అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు, అప్పుడు శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్ వాళ్లు ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ప్రదర్శనలు పెడతారు. మధ్యలో సరిగ్గా ఆరు వారాలు. బళ్లు మొదటి రాకెట్‌ను ఆగస్టు 23న ఎగరేయొచ్చు. ఆ సాయంత్రమే ఏమి బాగా రాలేదో పిల్లలు రాసుకోవాలి. వారానికి ఒక మార్పు, ఒక కొలత చొప్పున సెప్టెంబరంతా గడవాలి. ఆ నోటుపుస్తకాలు పట్టుకుని అక్టోబరులో ప్రదర్శనకు వెళ్లాలి. షార్ వాళ్లు కూడా అక్కడ నమూనా రాకెట్ పక్కన శాస్త్రవేత్తతో పాటు ఒక ఫిట్టర్‌ను, ఒక క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ను నిలబెట్టి, పరీక్షలో పనికిరాదని పక్కన పెట్టిన భాగాన్ని ఒకటి బల్ల మీద పెట్టగలిగితే, పిల్లలు వెర్నియర్ పట్టుకుని దాన్ని కొలవగలిగితే, తొమ్మిదో తరగతి పిల్లలు ఆ బల్ల దగ్గర ఎంతసేపు నిలబడతారో షార్ వాళ్లే చూడవచ్చు.